బ్రేకులున్న పడవ

హోల్మ్‌బీ నుంచి పైక్‌టన్‌కు దూరం అరమైలు. మధ్యలో నది, నది మీద వంతెన. హోల్మ్‌బీ వారి ప్రాణరక్షక పడవ ఈ అరమైలునూ పదకొండు నెలల్లో దాటిందనీ, అంతర్రాష్ట్ర సహకార చరిత్రలో ఇంతటి వేగం ఇదివరకెన్నడూ నమోదు కాలేదనీ రెండు రాష్ట్రాల రవాణా శాఖలు కలిసి అచ్చువేసిన నివేదికలో ఉంది. ఆ రాష్ట్రాల పేర్లు ఇక్కడ రాయడం లేదు. రాస్తే, ఎవరి పేరు ముందు రాయాలన్న దాని మీద ఇంకొక సంఘం వేయవలసి వస్తుంది.

హోల్మ్‌బీ తూర్పు ఒడ్డున ఒక రాష్ట్రంలో ఉంది, పైక్‌టన్ పడమటి ఒడ్డున ఇంకో రాష్ట్రంలో ఉంది. సరిహద్దు సరిగ్గా వంతెన నడిమధ్యన పడింది. అక్కడ కమ్మీకి ఒక రేకు బిగించి ఉంటుంది. దానికి ఒక వైపు "స్వాగతం" అనీ, రెండో వైపు కూడా "స్వాగతం" అనీ ఉంటుంది.

ఆ పదకొండు నెలలకు ముందటి మార్చిలో మంచు కరిగే రోజుల్లో పైక్‌టన్‌లో చేపల ఎర అమ్ముకునే ఎల్మర్ కోసెక్ నదిలో పడిపోయాడు. పైక్‌టన్‌కు పడవ లేదు. హోల్మ్‌బీ పడవ నీళ్ళలోకి దిగి మంచు పలకల్ని తప్పించుకుంటూ అవతలికి చేరేసరికి ఎల్మర్ టోపీ ఒక్కటే తేలుతూ కనిపించింది. ఆ పడవ నడిపినవాడు ఆర్లెన్ ట్వైట్. ముప్ఫై నాలుగేళ్ళు హోల్మ్‌బీ హైస్కూల్లో వెల్డింగు నేర్పి రిటైరైన మాస్టారు. ఎల్మర్‌తో కలిసి ఇరవై ఏళ్ళు చేపలు పట్టాడు. ఆ టోపీని ఆరబెట్టి ఎల్మర్ భార్యకు ఇచ్చి వచ్చాడు. ఆ తర్వాత ఆ విషయం ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ ప్రాంతంలో మగవాళ్ళు దుఃఖించే పద్ధతి అదే.

మరుసటి నెలలో హోల్మ్‌బీకి ప్రభుత్వం కొత్త పడవ మంజూరు చేసింది. పాతదాన్ని పైక్‌టన్‌కు బహూకరించాలని పట్టణ సభ ఏకగ్రీవంగా తీర్మానించింది. చప్పట్లు కొట్టారు, కాఫీ తాగారు, నిమ్మకాయ బార్లనే తీపి ముక్కలు తిన్నారు. పడవను చేర్చే బాధ్యత ఆర్లెన్‌కు అప్పగించారు. పికప్ ట్రక్కు ఉంది, ఖాళీగా ఉన్నాడు, పైగా ఆ పడవను లాగే ట్రైలర్‌ను ఒకప్పుడు తన బడిపిల్లల చేత వెల్డింగు చేయించినవాడు ఆయనే.

ఏప్రిల్ ఆఖరి వారంలో ఒక ఉదయం ఆర్లెన్ ట్రైలర్‌ను కొక్కేనికి తగిలించుకుని వంతెన ఎక్కాడు. అవతలి కొసన ఎర్ర జెండా పట్టుకుని ట్రైలర్ తనిఖీ అధికారి నిలబడి ఉన్నాడు. పేరు డ్వేన్ ఓవర్‌గార్డ్. ఆర్లెన్ దగ్గరే వెల్డింగు నేర్చుకుని, ఇవతల ఉద్యోగం దొరక్క అవతలి రాష్ట్రం కొలువులో చేరినవాడు.

"బావున్నారా మాస్టారూ? పడవా, ట్రైలరూ కలిపి ఎంత బరువుంటుందండీ?"

"రెండువేల రెండొందల నలభై పౌండ్లు."

"మా రాష్ట్రంలో పదిహేనొందలు దాటితే ట్రైలర్‌కి సొంతంగా బ్రేకులుండాలండి. దీనికి లేవు."

"మా రాష్ట్రంలో మూడువేల దాకా అక్కర్లేదురా."

"అందుకే అక్కడ ఇది సురక్షితమైన ట్రైలరండి. ఇక్కడ ప్రమాదకరమైనది."

"ఏ చోట ప్రమాదకరమైంది?"

డ్వేన్ వెనక్కి తిరిగి చూసి నిజాయితీగా లెక్కవేసి చెప్పాడు. "ఆ రేకు దగ్గరండి."

ముందుకు పోనివ్వడానికి చట్టం ఒప్పుకోదు. వంతెన మీద బండి తిప్పడానికి చోటు లేదు. అందువల్ల ప్రజల భద్రత దృష్ట్యా ఆర్లెన్ ఆ ట్రైలర్‌ను అరమైలూ వెనక్కి నడుపుకుంటూ పోవలసి వచ్చింది. వెనకాల డ్వేన్ జెండా ఊపుతూ పాలవాళ్ళనీ, పోస్టు బండినీ, ఒక అంత్యక్రియల ఊరేగింపునీ ఆపుతూ రేకు దాకా సాగనంపాడు. రేకు దాటి రావడానికి అతనికి అధికారం లేదు.

ఈ పని మీద ఆర్లెన్‌కు కోపం రాకపోవడం చూసి ఊరంతా ఆశ్చర్యపోయింది. కానీ ఆయన ముప్ఫై నాలుగేళ్ళు "ముందు కళ్ళద్దాలు పెట్టుకో, తర్వాత మంట వెలిగించు" అని పిల్లలకు చెప్పినవాడు. ట్రైలర్‌కు బ్రేకు ఉండటం మంచిదేనని నిజంగా నమ్మాడు. నెలరోజులు షెడ్డులో కూర్చుని తోపుడు బ్రేకు అమర్చాడు. ముందు బండి నెమ్మదిస్తే వెనకనున్న ట్రైలర్ దాన్ని తోస్తుంది కదా, ఆ తోపుడుకే ట్రైలర్ చక్రాలు బిగుసుకుంటాయి. డ్రైవరు ఏమీ చేయనక్కర్లేదు. పైక్‌టన్ వైపు చట్టం కోరేది సరిగ్గా అదే, డ్రైవరు చేతిలో ఉండే బ్రేకును అది ఒప్పుకోదు.

జూన్‌లో మళ్ళీ బయలుదేరాడు. ఈసారి వంతెన ఎక్కక ముందే సొంత రాష్ట్రం అధికారిణి బ్రెండా హాల్వర్సన్ ఆపింది. రాజధాని నుంచి కొత్తగా వచ్చిన మనిషి, చేతిలో కాగితాలు బిగించిన పలక, పలకకు కట్టిన పెన్ను.

"ట్రైలర్‌కి బ్రేకులున్నాయాండీ?"

"ఉన్నాయమ్మా," అన్నాడు ఆర్లెన్ గర్వంగా.

"డ్రైవరు సీట్లోంచి వేసేవేనా?"

"కాదు. వాటంతటవే పడతాయి."

"అయితే కుదరదండి. మా చట్టంలో ట్రైలర్ బ్రేకు అనేది ఉంటే గింటే డ్రైవరు చేతిలో ఉండాలి."

"మూడువేల లోపు అసలు అక్కర్లేదు కదమ్మా?"

"అక్కర్లేదండి. లేకపోతే ఏ తప్పూ లేదు. ఉండటమే తప్పు."

ఆర్లెన్ ఇంటికి పోయి, డ్రైవరు సీటు నుంచి పనిచేసే కరెంటు బ్రేకు కూడా అమర్చాడు. ఇప్పుడు ఆ ట్రైలర్‌కు రెండు రకాల బ్రేకులు. రెండు రాష్ట్రాల్లో అంత సురక్షితమైన ట్రైలర్ ఇంకొకటి లేదు. రెండు రాష్ట్రాల్లోనూ చట్టవిరుద్ధమైనది కూడా అదొక్కటే.

సమస్య ఇంత పెద్దదైనాక దాన్ని ఒక మనిషికి వదిలేయడం ప్రజాస్వామ్యం కాదు. ఉమ్మడి కార్యాచరణ సంఘం ఏర్పడింది. ఒక నెల ఇటు ఒడ్డున, ఒక నెల అటు ఒడ్డున సమావేశమైంది. ఇటువైపు సమావేశంలో తినడానికి బంగాళాదుంపల క్యాసరోల్, అటువైపు సాసేజిలు. మొదటి సమావేశంలో "పడవ" అంటే ఏమిటో నిర్వచించారు. రెండో సమావేశంలో ఆ నిర్వచనం ప్రకారం పైక్‌టన్ మేయరు గారి స్నానాల తొట్టి కూడా పడవే అవుతోందని గ్రహించి రద్దు చేశారు. మూడో సమావేశానికి ఆర్లెన్‌ను సాక్షిగా పిలిచారు. ఆయనతోపాటు మరదలు మార్లిస్ కూడా వచ్చింది.

మార్లిస్ ఆర్లెన్ చనిపోయిన భార్యకు చెల్లెలు. అరవై ఆరేళ్ళు. పైక్‌టన్‌లో ఒంటరిగా ఉంటూ, నది గడ్డకట్టని ప్రతి ఉదయమూ చిన్న రేకు పడవలో వాలై అనే నదిచేపలకు గాలం వేసే మనిషి. గంటసేపు అందరి మాటలూ విని లేచి నిలబడింది.

"బావా, నాకు తెలియక అడుగుతాను. అది పడవే కదా?"

"అవును."

"మధ్యలో ఉన్నది నదే కదా?"

"అవును."

"మరి నీళ్ళలో దింపి తోలుకు రావచ్చుగా, ఈ ఊరేగింపు దేనికి?"

ఆర్లెన్ చెవులు ఎర్రబడ్డాయి. ఆరు నెలలుగా తనకు తట్టనిది అదే. కానీ సంఘం తట్టుకుని నిలబడింది. ఒక నీటి నుంచి ఇంకొక నీటిలోకి పోయే ప్రతి పడవనూ, నాచూ నత్తగుల్లలూ పాకకుండా, మధ్యలో ఐదు రోజులు పూర్తిగా ఆరబెట్టాలని ఉభయ రాష్ట్రాలకూ నిబంధన ఉంది. రేకుకు ఇవతలి నీళ్ళు ఒక రాష్ట్రానివి, అవతలి నీళ్ళు వేరే రాష్ట్రానివి. కనుక పడవను నది మధ్యలో ఐదు రోజులు ఆరబెట్టాలి.

"నీళ్ళలోనే ఆరబెట్టాలా?" అంది మార్లిస్.

"నిబంధనలో ఎక్కడ అని లేదండి, ఆరబెట్టాలని మాత్రమే ఉంది," అంది బ్రెండా, కాగితం తిరగేసి చూసి.

"నత్తలకు తెలుసా, రేకు ఎక్కడుందో?"

ఈ ప్రశ్నను నమోదు చేసుకుని, జవాబు చెప్పే పనిని ఒక ఉపసంఘానికి అప్పగించారు.

ఫిబ్రవరికి పరిష్కారం దొరికింది. ట్రైలర్ తూర్పు రాష్ట్రంలో కరెంటు బ్రేకుతో బయలుదేరుతుంది. రేకు దగ్గర ఆగుతుంది. ఆర్లెన్ దిగి కరెంటు ప్లగ్గు పీకి, తోపుడు బ్రేకును కదలకుండా పట్టి ఉంచిన మేకును తీసి, మళ్ళీ ఎక్కి, పడమటి రాష్ట్రంలోకి చట్టబద్ధంగా ప్రవేశిస్తాడు. వంతెన మీద బండి ఆపడం నేరం కనుక ఆపడానికి అనుమతిపత్రం కావలసి వచ్చింది. దాని మీద రెండు సంతకాలు, రెండు ముద్రలు. మార్చి ఇరవై మూడు, శనివారం ముహూర్తం.

ఆ రోజు వంతెన మీద ఎండ ఉంది కానీ వెచ్చదనం లేదు. కింద నదిలో భోజనాల బల్లలంతేసి మంచు పలకలు సాగిపోతున్నాయి. హోల్మ్‌బీ వారి కొత్త పడవ ఊళ్ళో లేదు. ప్రమాదాలు ఎక్కువగా జరిగే కాలం కాబట్టి దాన్ని ప్రదర్శన కోసం రాజధానికి తీసుకువెళ్ళారు. రేకుకు రిబ్బను కట్టారు. ఉభయ పక్షాల వాద్యబృందాలూ వచ్చాయి. ఆర్లెన్ సరిగ్గా రేకు దగ్గర ఆగి, దిగి, ప్లగ్గు పీకాడు. మేకు మీద చెయ్యి వేశాడో లేదో, సెనేటర్ లైల్ హోకాన్సన్ మైకు ముందుకు వచ్చారు. ఆయన మాట్లాడేటప్పుడు ఎవరూ పనిచేయకూడదని సహాయకుడు సైగ చేశాడు.

"సోదర సోదరీమణులారా," అన్నారు సెనేటర్. "బ్రేకు అనేది ఆపే సాధనమని కొందరు అపోహ పడతారు. కాదు. బ్రేకే మనల్ని ముందుకు నడిపించే శక్తి. నా ముప్ఫై ఏళ్ళ ప్రజాజీవితంలో నేను సాధించినదంతా బ్రేకు వల్లనే. ఎల్మర్ కోసెక్ ఆత్మ ఈనాడు శాంతిస్తుంది. ఆయన వంటివారు మరికొందరు ముందుకు వచ్చినట్లయితే..."

ఆ వాక్యం ఎటు పోయిందో ఎవరూ వినలేదు. కింద ఎవరో చెక్కబల్ల విరిచినట్టు చప్పుడైంది. ఆర్లెన్ కమ్మీ మీదుగా వంగి చూశాడు. పైక్‌టన్ వైపు నీళ్ళలో ఒక రేకు పడవ బోర్లాపడి ఉంది. దాని పక్కన నారింజరంగు లైఫ్ జాకెట్టు, జాకెట్టులో మార్లిస్. మంచు పలక కొట్టిన దెబ్బకు పడవ తిరగబడింది. ఆ చలినీళ్ళలో మనిషి పావుగంట నిలిస్తే ఎక్కువ. ఆ సంగతి వంతెన మీదున్న అందరికీ తెలుసు. సెనేటర్ గారి కాగితంలో ఇంకా రెండు వాక్యాలు మిగిలి ఉండటంతో ఆయన అవి కూడా చదివారు.

ఆర్లెన్‌కు ఒక్క క్షణం నీళ్ళ మీద టోపీ కనిపించింది. తర్వాతి క్షణంలో స్టీరింగు ముందున్నాడు. బండి ముందు డ్వేన్ ఎర్ర జెండాతో నిలబడి ఉన్నాడు.

"తప్పుకోరా డ్వేన్."

"మాస్టారూ, ప్లగ్గు పీకేశారు. మేకు తియ్యలేదు. ఇప్పుడు ట్రైలర్‌కి ఏ బ్రేకూ లేదండి."

"తెలుసు."

డ్వేన్ నది వైపు చూశాడు. జెండా వైపు చూశాడు. జెండాను చుట్టి చంకలో పెట్టుకున్నాడు. "ఒక్క నిమిషమండీ, బూటు లేసు ఊడింది," అని పక్కకు జరిగి, కమ్మీ దగ్గర వంగి కూర్చున్నాడు. అతను వేసుకున్నవి లేసుల్లేని రబ్బరు బూట్లు.

వంతెన పైక్‌టన్ వైపు వాలుగా దిగుతుంది. ఆ వాలులో రెండువేల చిల్లర పౌండ్ల బరువు వెనక నుంచి వీపు మీద చెయ్యివేసి తోస్తున్నట్టు తోసింది. ఆర్లెన్ పళ్ళు బిగించి చిన్న గేరులో దిగాడు. బ్రేకు చట్టం ఎందుకు పుట్టిందో ఆ మూడువందల గజాల్లో ఆయనకు అర్థమైనంతగా దాన్ని రాసినవాళ్ళకు కూడా అర్థమై ఉండదు. పడవలు దింపే వాలు దగ్గర బండి వెనక్కి తిప్పేసరికి, పరిగెత్తుకొచ్చిన డ్వేన్ ట్రైలర్ పట్టీలు విప్పేస్తున్నాడు. ఇద్దరూ కలిసి పడవను నీళ్ళలోకి నెట్టి ఎక్కారు.

తొమ్మిది నిమిషాలకు మార్లిస్ పడవలో ఉంది. పెదాలు నీలంగా ఉన్నాయి. పళ్ళు టకటకలాడుతున్నాయి. ఆర్లెన్ తన కోటు విప్పి కప్పాడు. ఆమె ఏదో గొణిగితే చెవి దగ్గర పెట్టాడు.

"ఐదు రోజులు... ఆరబెట్టావా బావా, పడవని?"

ఆర్లెన్ నవ్వబోయాడు. నవ్వు రాలేదు. ఆమె చెయ్యి పట్టుకుని, ఒడ్డు వచ్చేదాకా వదలకుండా, ఒంటిచేత్తోనే పడవ నడిపాడు. ఆయన ఏడవడం చూసినవాడు డ్వేన్ ఒక్కడే. అతను అప్పుడు కూడా లేసు కట్టుకోవడానికి వంగాడు.

పది రోజుల తర్వాత ఆర్లెన్‌కు పడమటి రాష్ట్రం నుంచి ఒక కవరు వచ్చింది. అందులో రెండు కాగితాలున్నాయి. ఒకటి, ఆయన అసమాన సాహసానికి పతకం ఇస్తున్నామన్న ఆహ్వానం. రెండోది, అదే సాహసాన్ని బ్రేకులు లేకుండా చేసినందుకు కోర్టుకు రమ్మన్న నోటీసు. ప్రభుత్వం పొదుపు కోసం రెండూ ఒకే కవరులో పంపింది. పతకం గురువారం, విచారణ శుక్రవారం.

విచారణలో బ్రెండా తన పలక చూసి, బండి ఏ నిమిషంలో ఏ సెకనులో రేకు దాటిందో పొల్లు పోకుండా చెప్పింది. డ్వేన్‌ను అడిగితే తాను లేసు కట్టుకుంటున్నానన్నాడు. జడ్జి క్విస్ట్ గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"ట్వైట్ గారూ, మీరు చేసింది గొప్ప పని. ఈ కోర్టు మీకు చేతులెత్తి నమస్కరిస్తోంది. ఇప్పుడు చెప్పండి, బ్రేకులున్నాయా, లేవా?"

"రెండున్నాయండి. ఏదీ పనిచెయ్యడం లేదు."

"అంటే లేనట్టే."

"లేనట్టేనండి," అన్నాడు ఆర్లెన్. దిగేటప్పుడు వెనక నుంచి తోసిన ఆ బరువు ఇంకా ఆయన వీపుకు గుర్తుంది.

శిక్షగా పన్నెండు శనివారాలు పైక్‌టన్ చర్చి కింది హాల్లో ట్రైలర్ బ్రేకుల మీద ప్రజలకు పాఠం చెప్పమన్నారు. ఆర్లెన్ మనసులో సంతోషించాడు. పాత సుద్దముక్కల డబ్బా వెతికి తీసుకున్నాడు.

మొదటి శనివారం హాలు నిండిపోయింది. ఉభయ పట్టణాల నుంచీ అరవైమంది దాకా వచ్చారు. వచ్చినవాళ్ళంతా లేచి చప్పట్లు కొట్టారు. చట్టం కఠినంగా ఉండాలనీ, బ్రేకుల్లేకుండా తిరిగేవాళ్ళను జైల్లో వేయాలనీ నలుగురు ప్రసంగించారు. ఎవరికీ దాని మీద రెండో అభిప్రాయం లేదు. చేపల కాలం కావడంతో సగం మంది పడవలు తగిలించుకుని వచ్చారు.

"రండి, బయట మీ బళ్ళ మీదే చూపిస్తాను," అన్నాడు ఆర్లెన్.

ఆవరణలో ముప్ఫై ఒక్క ట్రైలర్లున్నాయి. ఆయన ఒక్కొక్కదాని కిందా వంగి చూసుకుంటూ పోయాడు. వెనకాల నడుస్తున్న గుంపు ఒక్కొక్క ట్రైలర్ దగ్గరా కొంచెం పల్చబడుతూ వచ్చింది. ముప్ఫై ఒకటిలో బ్రేకులు ఉండవలసినవి పంతొమ్మిది, ఉన్నవి మూడు, పనిచేస్తున్నది ఒకటి. ఆ ఒకటి పక్క ఊరి నుంచి దారి తప్పి వచ్చినవాళ్ళది.

"వచ్చే శనివారం తీసుకురండి. నేనే బిగించి పెడతాను. ఊరికే," అన్నాడు ఆర్లెన్. అందరూ ఆయన చెయ్యి పట్టుకుని ఊపి వెళ్ళారు.

మరుసటి శనివారానికి ఆయన పనిముట్లన్నీ సర్దుకుని తొమ్మిదింటికే ఆవరణలో నిలబడ్డాడు. జనం ముందటికంటే ఎక్కువ వచ్చారు. అందరూ నడిచే వచ్చారు. ఆవరణలో ఒక్క ట్రైలర్ లేదు. అవన్నీ చర్చి వెనక వీధిలో, ఇనుపసామాన్ల కొట్టు దాకా వరసగా, హాలు కిటికీల్లోంచి కనబడకుండా ఆపి ఉన్నాయి. ఆ వారం ఉభయ రాష్ట్రాల నివేదికలో, అవగాహన తరగతుల ఫలితంగా బ్రేకులు లేని ట్రైలర్లు చర్చి ఆవరణలో పూర్తిగా అంతరించాయని రాశారు.

మెట్ల మీద కూర్చున్న ఆర్లెన్ దగ్గరికి మార్లిస్ కాఫీ తెచ్చి ఇచ్చింది. ఆమె కూడా కొత్త పడవ కొనుక్కుంది. పాతదానికంటే పెద్దది.

"నీదెక్కడ పెట్టావు?" అన్నాడు ఆర్లెన్.

ఆమె ఇనుపసామాన్ల కొట్టు వైపు చూసి, చూపు తిప్పుకుంది.

"నువ్వు కూడానా మార్లిస్?"

"నాది తేలికే బావా."

"ఎంతుంటుంది? పదిహేనొందల లోపేనా?"

"తూయలేదు," అంది ఆమె, తన కాఫీ ఊదుకుంటూ. "తూస్తే ఎంతో తెలిసిపోదూ."